బూటు దగ్గర ఆగిన ఉదయం: ముగ్గురు చిన్నపిల్లలున్న ఇంట్లో ఒక వారం

కూర్చోగానే ఆమె అన్న మొదటి మాట, “ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి మేడమ్.” రెండో మాట, “మాకు టైము సరిపోవడం లేదు.” పక్కనే భర్త. ఆయన భుజం మీద పది నెలల పాప నిద్రపోతోంది. ఏడేళ్ళ అమ్మాయినీ నాలుగేళ్ళ అబ్బాయినీ బంధువుల ఇంట్లో దింపి వచ్చారు. గంటలో మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవాలి. ఆ గంటంతా ఇద్దరి చూపూ గోడ గడియారం మీదే ఉంది.

నేను కుటుంబ సలహాదారును. పసిపిల్లలున్న ఇళ్ళ నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆ రెండో మాటతోనే మొదలుపెడతారు. అది అబద్ధమని నేనెప్పుడూ అనుకోలేదు. అయితే ఈ కుటుంబంతో ఆరు నెలలు పనిచేశాక ఆ మాట విన్నప్పుడు నేను అడిగే ప్రశ్నలు మారాయి. అందుకే ఈ కేసును పూర్తిగా రాస్తున్నాను. తల్లిదండ్రులిద్దరూ చదివి ఒప్పుకున్నారు. వాళ్ళను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

వాళ్ళు చెప్పుకున్న ఇబ్బంది

సమస్య అంతా నాలుగేళ్ళవాడిదని ఇద్దరూ అనుకుంటున్నారు. పొద్దున తయారవడు. పది సార్లు చెప్పినా బూట్లు వేసుకోడు. చివరికి ఎవరో ఒకరు అరుస్తారు, వాడు గుక్కపట్టి ఏడుస్తాడు, ఆ ఏడుపుతోనే క్రెష్‌కు వెళ్తాడు. రాత్రి పది దాటినా పడుకోడు. మూడు నెలలుగా ఇదే వరస. మూడు నెలల కిందట ఏం జరిగిందని అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రసూతి సెలవు అయిపోయి తల్లి మళ్ళీ ఆఫీసులో చేరారు. పాప కూడా క్రెష్‌కు వెళ్ళడం మొదలైంది. తండ్రి ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. వారానికి మూడు రోజులు సాయంత్రం షిఫ్టు, రెండు రోజులు పొద్దుటి షిఫ్టు, బుధవారం, ఆదివారం సెలవు. తల్లికి ఒక సంస్థలో లెక్కల విభాగంలో ఉద్యోగం, ఉదయం తొమ్మిది నుంచి అయిదున్నర దాకా.

పెద్దమ్మాయి గురించి అడిగాను. “దాంతో ఏ ఇబ్బందీ లేదండి, దాని పని అది చేసుకుంటుంది” అన్నారు తల్లి. ఆ వాక్యాన్ని అప్పుడు మామూలుగా రాసుకున్నాను. రెండు వారాల తరవాత దాని కింద గీత గీశాను.

ముందు తేల్చుకోవలసినవి

ప్రవర్తన గురించి మాట్లాడే ముందు శరీరం గురించి తేల్చుకోవాలి. పిలిస్తే పలకని నాలుగేళ్ళ పిల్లవాడికి వినికిడి పరీక్ష జరగకుండా అతన్ని మొండివాడు అనడానికి నేను ఒప్పుకోను. చెవిలో నీరు చేరి కొద్దిపాటి వినికిడి తగ్గిన పిల్లలు ఎదురుగా కూర్చుని మాట్లాడితే చక్కగా బదులిస్తారు, పక్క గది నుంచి పిలిస్తే మాత్రం పలకరు. ఇంటివాళ్ళకు అది కావాలని చేసినట్టే కనిపిస్తుంది. పిల్లల డాక్టరు చెవులు చూశారు, పరీక్ష చేయించారు, బాగానే ఉన్నాయి. గురక లేదు. మాట, ఆట, తోటిపిల్లలతో కలవడం వయసుకు తగ్గట్టే ఉన్నాయి. క్రెష్‌లో ఈ పేచీ లేదు.

తల్లికి ప్రసవానంతర కుంగుబాటును గుర్తించే ఎడిన్‌బరో ప్రశ్నావళి ఇచ్చాను. 1987 నుంచి వాడుకలో ఉన్న చిన్న పరికరం అది: పది ప్రశ్నలు, గరిష్ఠం 30 మార్కులు. ఆమెకు 8 వచ్చాయి. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన ఎప్పుడూ రాలేదన్నారు. ఇది కుంగుబాటు కాదని, తీవ్రమైన అలసట అని అప్పటికి నిర్ణయించుకుని, రెండు నెలల తరవాత మళ్ళీ చూడాలని రాసుకున్నాను. మళ్ళీ చూసినప్పుడు 5 వచ్చాయి.

వారం చిట్టా

సాధారణంగా గంట గంటకూ ఏం చేశారో రాయమని అడుగుతాం. ఊపిరి సలపని ఇంటికి అది ఇంకో బరువు. అందుకని సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక్క విషయమే రాయమన్నాను: ఇంట్లో ఎవరైనా గొంతు పెంచినా, ఎవరైనా ఏడ్చినా ఆ సమయం రాసి, దానికి ముందు ఏ పని అయిపోయింది, తరవాత ఏ పని మొదలు కావాలి అన్నది రాయాలి. ఫ్రిజ్ తలుపు మీద కాగితం, దానికో పెన్సిలు. ఎవరు ముందు చూస్తే వాళ్ళు రాస్తారు.

వారం ముగిశాక కాగితం మీద 31 గుర్తులు ఉన్నాయి. 26 ఒక పని ముగిసి ఇంకోటి మొదలయ్యే సందులో పడ్డాయి: నిద్ర నుంచి స్నానానికి, స్నానం నుంచి బట్టలకు, ఆట నుంచి భోజనానికి, బండి దిగి ఇంట్లోకి, టీవీ నుంచి పక్క మీదికి. పనుల మధ్యలో పడినవి అయిదే. స్నానం చేస్తున్నంతసేపూ పిల్లవాడు హాయిగా ఉన్నాడు. భోజనానికి కూర్చున్నాక తిన్నాడు. తగువంతా పనికీ పనికీ మధ్య అతుకు దగ్గరే.

కాగితం చూసి తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “మేం పనులు తగ్గించుకోవాలని చూస్తున్నాం, ఇది వేరేగా ఉందే” అన్నారు.

మంగళవారం, 7:05

ఆ వారంలోనే ఒక ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసింది పెద్దమ్మాయి. నేను కూర్చునే లోపే కుర్చీ మీది బట్టలు తీసింది, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, కింద పాకుతున్న చెల్లెల్ని ఎత్తుకుని పక్కకు తీసుకెళ్ళింది. ఏదీ ఎవరూ చెప్పలేదు. ఏడేళ్ళ పిల్ల.

తల్లి వంటింట్లో ఉన్నారు. రాత్రి పన్నెండుకు పడుకున్న తండ్రి అప్పుడే లేచి పాపకు స్నానానికి నీళ్ళు పెడుతున్నారు. అబ్బాయి వాకిలి పక్కన నేల మీద కూర్చున్నాడు, ముందు రెండు బూట్లు. 7:05 నుంచి 7:19 వరకు, పద్నాలుగు నిమిషాల్లో, “బూట్లు వేసుకో” అన్న ఆదేశం వంటింట్లోంచి 11 సార్లు వచ్చింది. మొదటిది మామూలు గొంతుతో, పదకొండోది ఇల్లు దద్దరిల్లేలా. ఆ పదకొండింట్లో ఒక్కటి కూడా వాడి ఎదుట నిలబడి చెప్పింది కాదు.

నేను వాడికి అయిదడుగుల దూరంలో కూర్చున్నాను కాబట్టి వంటింట్లోకి కనిపించనిది నాకు కనిపించింది. రెండో పిలుపుకే వాడు ఎడమ బూటు అందుకున్నాడు. వేళ్ళు లోపలికి వెళ్ళాయి. మడమ దిగలేదు. బూటు వెనక అంచు లోపలికి మడతపడి ఉంది. రోజూ హడావిడిలో దాన్ని తొక్కి వేసుకోవడం వల్ల మడత అట్టలా గట్టిపడిపోయింది. వాడు చూపుడు వేలు పెట్టి అంచును పైకి లాగాడు. అది లేచింది, మడమ పెట్టగానే మళ్ళీ లోపలికి పడిపోయింది. మూడుసార్లు చేశాడు. నాలుగోసారి బూటు తీసి, ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీని అతికిస్తూ ఊడదీస్తూ కూర్చున్నాడు. చర్రుమన్న ఆ శబ్దం వాడికి నచ్చింది. సరిగ్గా ఆ క్షణంలో తల్లి బయటికి వచ్చారు. ఆమె కంట పడింది ఆడుకుంటున్న పిల్లవాడు.

తరవాత జరిగింది ఊహించవచ్చు. ఆమె అరిచారు, వాడు బూటు విసిరాడు, ఆమె వాడిని ఒళ్ళో కూలేసి రెండు నిమిషాల్లో తానే బూట్లు తొడిగేశారు. వాడు ఏడుస్తూనే కాలు చాచి ఇచ్చాడు.

ఈ చక్రాన్ని అమెరికన్ మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ 1982 నాటికే వివరంగా వర్ణించారు. పెద్దవాళ్ళు ఆదేశిస్తారు, పిల్లలు ఎదురు తిరుగుతారు, పెద్దవాళ్ళు విసిగి గొంతు పెంచుతారు లేదా పని తామే చేసేస్తారు. ఏడిస్తే పని తప్పుతుందని పిల్లవాడు నేర్చుకుంటాడు. అరిస్తేనే పని జరుగుతుందని తల్లి నేర్చుకుంటుంది. ఇద్దరికీ ఆ క్షణంలో ఊరట దొరుకుతుంది కాబట్టి రేపు మళ్ళీ అదే జరుగుతుంది. నేను ఈ సిద్ధాంతాన్ని ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను. కానీ ఈ ఇంట్లో చక్రం మొదలైన చోట ఎదిరింపు లేదు, అట్టలా గట్టిపడిన ఒక బూటు అంచు ఉంది. ఆ రోజు నేను అక్కడ కూర్చోకపోతే ఆ సంగతి నాకూ తెలిసేది కాదు.

బుధవారం వచ్చిన ఫోను

మర్నాడు 11:40కి క్రెష్ నుంచి తల్లికి ఫోను: బాబుకు 101 డిగ్రీల జ్వరం, వచ్చి తీసుకెళ్ళండి. ఆమె పని సగంలో వదిలి, పై అధికారికి నచ్చజెప్పి, ముప్పావు గంట ప్రయాణం చేసి వెళ్ళారు. ఆ రోజు తండ్రికి సెలవు. క్రెష్‌కు పది నిమిషాల దూరంలో, ఇంట్లో ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. ఆయనకు సంగతి తెలిసింది భార్య పిల్లవాడిని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చినప్పుడు.

“నాకు చెప్పొచ్చు కదా” అన్నారు ఆయన. “చెప్పడానికి కూడా నాకు ఖాళీ ఉండాలి కదా” అన్నారు ఆమె. ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఈ తగువును ఎవరి తప్పని చూస్తే ఎక్కడికీ చేరం. నేను చూసినంతలో ఆయన బద్ధకస్తుడు కాదు. ఇంటిపని, పిల్లల పని కలిపి ఆ వారం ఆమె చేసింది దాదాపు 39 గంటలు, ఆయన చేసింది 34. తేడా వేరే చోట ఉంది. ఒక రోజంతా మనసులో “మరిచిపోకూడదు” అనిపించిన ప్రతిదాన్నీ రాయమని ఇద్దరికీ చెరో చిన్న పుస్తకం ఇచ్చాను. ఆయన పుస్తకంలో 7 ఉన్నాయి. ఆమె పుస్తకంలో 43. పాప టీకా తేదీ, అయిపోవస్తున్న చుక్కల మందు, పెద్దమ్మాయి చెప్పులు చిన్నవవడం, బాబు గోళ్ళు, క్రెష్ ఫీజు చివరి రోజు, రేపు ఉతకాల్సిన యూనిఫామ్, మొన్న దగ్గిన పాప ఈ రోజు దగ్గిందా లేదా. చివరిది రాసిన సమయం రాత్రి 12:10.

సామాజిక శాస్త్రవేత్త ఆలిసన్ డామింజర్ 2019లో 35 జంటలతో మాట్లాడి ప్రచురించిన పరిశోధన ఈ కనిపించని పనిని నాలుగు దశలుగా విడదీసింది: రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, మార్గాలు వెతకడం, నిర్ణయించడం, జరిగిందో లేదో కనిపెట్టి ఉండడం. నిర్ణయాలు చాలావరకు ఇద్దరూ కలిసి తీసుకుంటారు. మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా స్త్రీల మీద పడతాయి. ఆ నాలుగింటినీ ఒక కాగితం మీద రాసి ఈ దంపతుల ముందు పెట్టి, 43 అంశాలనూ వాటి కింద సర్దమన్నాను. సర్దుతూ సర్దుతూ ఆయన ఆగిపోయారు. “నేను ‘చెబితే చేస్తాను’ అన్న ప్రతిసారీ ఆ చెప్పే పని ఆమె మీద వేశానన్నమాట” అన్నారు. నేను ఏమీ కలపలేదు. ఆమె కళ్ళు తుడుచుకున్నారు.

గురువారం రాత్రి, సంచి జిప్పు లోపల

ఈ కేసులో నన్ను ఇప్పటికీ వదలని భాగం ఇది.

గురువారం రాత్రి పదింటికి తల్లి పెన్సిలు చెక్కుకునే షార్పెనర్ కోసం పెద్దమ్మాయి సంచి వెతికారు. లోపలి జిప్పులో ఎనిమిది మడతలు పెట్టిన కాగితం దొరికింది. బడి నుంచి వచ్చిన చీటీ: శుక్రవారం ఉదయం పిల్లలు తాము చేసినవి ప్రదర్శిస్తారు, తల్లిదండ్రుల్లో ఒకరు 20 నిమిషాలు వచ్చి చూడగలరు. చీటీ మీద సోమవారం తేదీ ఉంది.

“ఎందుకు చెప్పలేదు?” అని తల్లి కోప్పడ్డారు. పిల్ల కాసేపు తల దించుకుని, “నువ్వు కూర్చున్నాక చెబుదామనుకున్నాను అమ్మా” అంది.

సోమవారం నుంచి గురువారం రాత్రి దాకా.

ఈ మాట తల్లి నాకు శనివారం ఫోనులో చెప్పారు. చెబుతుండగా ఆమె గొంతు పూడుకుపోయింది. నేను కూడా వెంటనే మాట్లాడలేకపోయాను. ఆ వారమంతా మేం ముగ్గురు పెద్దవాళ్ళం అరిచి ఏడ్చిన పిల్లవాడి చుట్టూ తిరిగాం. ఏ గుర్తూ పడని పిల్ల చిట్టాలో లేదు, ఎందుకంటే చిట్టా నేను గీసిందే: గొంతు పెరిగితే రాయమన్నాను. గొంతు మింగుకుంటే రాయమనలేదు. ఆ తరవాత నేను ఏ ఇంటికి ఇచ్చిన చిట్టాలోనూ ఆ వరుస లేకుండా ఇవ్వలేదు: ఈ రోజు ఇంట్లో ఎవరు ఏమీ అడగలేదు?

తమ్ముడు బూటు దగ్గర ఆగిపోవడం, అక్క చీటీని ఎనిమిది మడతలు పెట్టడం వేరు వేరు సమస్యలని నేను అనుకోవడం లేదు. ఇద్దరికీ కావలసింది ఒక్కటే: ఒక పెద్ద మనిషి ఒక్క నిమిషం ఆగి, తన వైపు తిరగడం. ఒకడు ఏడ్చి ఆ నిమిషం సంపాదించుకున్నాడు. ఒకతె దాన్ని ఇంట్లోవాళ్ళకు మిగిల్చింది.

“నేను మంచి తల్లిని కానేమో” అన్నారు ఆమె ఆ ఫోనులో. అప్పుడు ఎడ్వర్డ్ ట్రానిక్ పని గురించి చెప్పాను. తల్లీ పసిబిడ్డల ముఖాముఖీని 1970ల నుంచి నిశితంగా చూసిన మనస్తత్వవేత్త ఆయన. చక్కగా మెలిగే జంటల్లో కూడా చాలా సమయం ఒకరి తాళం ఒకరికి కలవదని, తప్పిన తాళాన్ని మళ్ళీ కలుపుకోవడంలోనే బంధం గట్టిపడుతుందని ఆయన పరిశీలనలు చెబుతాయి. ఆమెను ఓదార్చడానికి మాత్రమే కాదు, చేయవలసిన పని అక్కడే ఉంది కాబట్టి చెప్పాను. శుక్రవారం ప్రదర్శనకు ఎవరూ వెళ్ళలేకపోయారు. శనివారం సాయంత్రం ఆమె కూతురి పక్కన నేల మీద కూర్చుని, “నువ్వేం చేశావో నాకు చూపించు. చీటీ గురించి కోప్పడ్డాను, అది నా తప్పు” అన్నారు. పిల్ల రెండు నిమిషాలు చూపించి, “నీకు పని ఉంటే వెళ్ళమ్మా” అందట.

నా మొదటి ప్రయత్నం

నేను మొదట ఇచ్చిన సలహా పనికిరాలేదు. అందంగా ఒక పట్టిక తయారుచేశాను: ఉదయం పనులన్నిటికీ బొమ్మలు, పూర్తయితే నక్షత్రాలు, ఎవరు ఏ రోజు ఏం చేయాలో రంగులు. మూడో రోజుకి అది ఆగిపోయింది. నక్షత్రాలు అంటించాల్సింది, అయిపోతే తేవాల్సింది, రంగులు మార్చాల్సింది మళ్ళీ తల్లే. 43 అంశాలున్న మనిషికి నేను 44వది ఇచ్చాను. ఇలాంటి పట్టికలు కొన్ని ఇళ్ళలో బాగా పనిచేస్తాయి. ఎవరు నిర్వహిస్తారన్న ప్రశ్న అడగకుండా ఇవ్వకూడదు.

దాన్ని తీసేసి, ఇంకేదీ కొత్తగా చేర్చకుండా, ఉన్నవాటినే కదపడం మొదలుపెట్టాం.

బూట్లు ముందు. తండ్రి ఆ రాత్రే మడత అంచును తడిపి, గట్టి అట్టముక్క లోపల పెట్టి నిలబెట్టారు. అది మళ్ళీ పడిపోయింది. చివరికి వెనక పట్టుకుని లాగడానికి చిన్న గుడ్డ ఉచ్చు కుట్టారు. బాబు వేలు అందులో పట్టింది. నాలుగో రోజు రెండు బూట్లూ తానే వేసుకుని, ఏ కాలుకు ఏదో తప్పినా, లేచి వంటింట్లోకి నడిచి వెళ్ళి చూపించాడు.

ఆదేశం తీరు మార్చాం. దూరం నుంచి పది సార్లు చెప్పడం మానేసి, దగ్గరికి వెళ్ళి, వాడి ఎత్తుకు వంగి, ఒక్కసారి చెప్పి, వాడు మొదలుపెట్టేదాకా అక్కడే నిలబడాలి. “మేడమ్, పొయ్యి మీద గిన్నె వదిలి వెళ్ళాలా?” అని అడిగారు ఆమె. పొయ్యి కట్టేసి వెళ్ళమన్నాను. పద్నాలుగు నిమిషాల అరుపుల కన్నా రెండు నిమిషాలు ఆరిన పొయ్యి చవక.

టీవీ ఆపే పద్ధతిలో నేను వాళ్ళకు ఇచ్చిన సలహా చాలామందికి వింతగా ఉంటుంది. వాళ్ళు “ఇంకో రెండు నిమిషాలే” అని ముందుగా హెచ్చరించేవాళ్ళు. 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చిన్నపిల్లల ఇళ్ళలో చూసినప్పుడు, ఆ రెండు నిమిషాల హెచ్చరిక ఉన్నచోట పేచీ పెరిగిందే గానీ తగ్గలేదు. దినచర్యలో భాగంగా, కథ దానంతటది ముగిసినచోట ఆపితే పిల్లలు తేలిగ్గా లేచారు. నాలుగేళ్ళవాడికి రెండు నిమిషాలంటే ఏమిటో తెలియదు, కథ అయిపోవడం తెలుసు. ఒక్క భాగం, అది అయ్యాక తెర నల్లబడాలి. తరవాతిది దానంతటదే మొదలయ్యే అమరికను తండ్రి ఫోనులోనూ టీవీలోనూ తీసేశారు. వారంలో టీవీ దగ్గర పడే గుర్తులు ఆరు నుంచి ఒకటికి తగ్గాయి.

ఎవరి తలలో ఏది

పనులు పంచుకోమని చెప్పలేదు, అప్పటికే పంచుకున్నారు. రంగాలు పంచుకోమన్నాను. పిల్లల ఆరోగ్యం మొత్తం తండ్రిది: టీకాలు, మందులు, గోళ్ళు, జ్వరం వస్తే ఏం చేయాలి, డాక్టరు అపాయింట్‌మెంటు. పసిగట్టడం నుంచి చివరిదాకా. బడి, బట్టలు తల్లివి. క్రెష్ దరఖాస్తులో మొదటి ఫోను నంబరుగా తండ్రిది రాయించారు. తల్లి నంబరు రెండోది. అయిదు నిమిషాల పని అది, బుధవారంలాంటి రోజులను మార్చేసింది.

కష్టమైంది అప్పగించాక ఊరుకోవడం. రెండో వారంలో పాప విటమిన్ చుక్కలు అయిపోయాయి. ఖాళీ సీసా అలమరాలో నిలబడి ఉంది. ఆమెకు కనిపిస్తోంది, ఆయనకు కనిపించడం లేదు. ప్రాణానికో ఆరోగ్యానికో చేటు జరిగేదైతే వెంటనే చెప్పాలని, లేకపోతే ఆగాలని మేం ముందే అనుకున్నాం. రెండు రోజులు ఆగారు ఆమె. మూడో రోజు ఆయన సీసా వెలుతురుకు ఎత్తి చూసి, చొక్కా జేబులో వేసుకుని బయటికి వెళ్ళి కొత్తది తెచ్చారు. ఆ తరవాత సగం కాగానే కొత్తది కొనడం ఆయన అలవాటు.

నిద్ర

అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ 2016లో ఇచ్చిన సూచన ప్రకారం 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ళవాళ్ళకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఈ ఇంట్లో బాబుకు పగటి గంటతో కలిపి 9 గంటల 10 నిమిషాలు, అమ్మాయికి 8 గంటల పావు. పొద్దున పేచీలో కొంత భాగం నిద్ర చాలని శరీరానిది.

త్వరగా పడుకోబెట్టండి అని చెప్పేయడం సులువు. కానీ సాయంత్రం షిఫ్టు ఉన్న రోజుల్లో తండ్రి ఇల్లు చేరేది తొమ్మిదిన్నరకు. పిల్లలు ఆయన కోసం మేలుకుని ఉంటారు. ఆయన రాగానే ఇల్లంతా ఒక్కసారి నవ్వుతుంది. ఆ అరగంటను లాక్కుంటే నిద్ర వస్తుందేమో, ఇంట్లో ఇంకోటి పోతుంది. చాలా చర్చించాక, షిఫ్టు రోజుల్లో ఆయన పొద్దున 6:45కి లేచి ఇరవై నిమిషాలు పిల్లలతో గడపడానికి సిద్ధపడ్డారు. పిల్లలు మధ్యాహ్నం బయట ఉన్నప్పుడు ఆయన గంట పడుకుంటారు. మూడు రోజుల్లో రెండు రోజులే ఇది జరుగుతోంది. మూడో రోజు పిల్లలు మేలుకునే ఉంటారు, దాన్ని అలాగే వదిలేశాం.

రాత్రి క్రమం చాలా చిన్నది: స్నానం, బట్టలు, మసక వెలుతురులో ఒక కథ, దీపం ఆర్పడం. అరగంట. జోడీ మిండెల్ బృందం 2009లో 405 మంది తల్లులతో, ఏడు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలతో చేసిన అధ్యయనంలో, ప్రతి రాత్రీ ఒకే వరసలో సాగే ఇలాంటి క్రమం రెండు వారాల్లోనే పిల్లల నిద్రను మెరుగుపరిచింది, తల్లుల మనస్థితిని కూడా. ఆ అధ్యయనం మా పాప వయసుకే సరిగ్గా సరిపోతుంది, పెద్దపిల్లలిద్దరికీ దాన్ని కాస్త మార్చుకున్నాం. ఆరు వారాలకు బాబు నిద్ర పది గంటలు దాటింది, అమ్మాయిది తొమ్మిదికి చేరింది. పాప మాత్రం రాత్రి ఒకసారి లేస్తూనే ఉంది.

కూర్చోవడం

ఇవన్నీ చేసినా నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టింది ఒక్కదాని మీద. తల్లి సాయంత్రం ముగ్గురినీ తీసుకుని ఇల్లు చేరతారు. తలుపు తీసిన మరుక్షణం నుంచి ఆమె నిలబడే ఉంటారు. ఇకమీదట సంచి దింపగానే పది నిమిషాలు నేల మీద కూర్చోవాలి. చేతిలో ఏమీ ఉండకూడదు, ఫోను కూడా. ఏ ఆటా ఆడించనక్కర్లేదు, ఏ ప్రశ్నా వేయనక్కర్లేదు. తండ్రి ఇంట్లో ఉన్న రోజున ఆయన కూడా.

“పది నిమిషాలు పోతే అన్నీ వెనకబడతాయి” అన్నారు ఆమె. పాప వెంటనే ఒళ్ళోకి ఎక్కేసింది. మొదటి మూడు రోజులు బాబు భుజాల మీద ఎక్కి దూకాడు. అమ్మాయి ఆ మూడు రోజులూ దూరంగా నిలబడి పుస్తకాలు సర్దుకుంది. అయిదో రోజు వచ్చి తల్లి వీపుకు తన వీపు ఆనించి కూర్చుంది, మాట్లాడలేదు. తొమ్మిదో రోజు అలా వీపు ఆనించుకునే, ముఖం కనబడకుండా, క్లాసులో ఎవరో తన పక్కన కూర్చోవడం లేదని చెప్పింది. అప్పటికి అది రెండు నెలల నాటి సంగతి.

ఆరు నెలల తరవాత

మళ్ళీ ఒక వారం చిట్టా రాయించాను. 31 గుర్తుల స్థానంలో 12. ఇంట్లో పనుల సంఖ్య ఒక్కటి కూడా తగ్గలేదు, పాపకు నడక వచ్చింది కాబట్టి పెరిగింది. దంపతులు ఇప్పటికీ గొడవపడతారు, ముఖ్యంగా తండ్రికి షిఫ్టులు మారిన వారాల్లో. పొద్దున ఏడింటికి ఆ ఇల్లు ఇప్పటికీ ఉరుకులు పరుగులే.

చివరిసారి ఇంటికి వెళ్ళినప్పుడు తలుపు తండ్రి తీశారు. పెద్దమ్మాయి నేల మీద బోర్లా పడుకుని ఏదో బొమ్మ గీస్తోంది. తలెత్తి నన్ను చూసి, నవ్వి, మళ్ళీ గీతల్లో మునిగిపోయింది. కుర్చీ మీది బట్టలు నేనే పక్కకు జరుపుకుని కూర్చున్నాను. లోపలి నుంచి తల్లి వచ్చి పళ్ళు తోముకోమని ఆమెకు చెప్పారు. “ఇది అయ్యాక” అంది పిల్ల. మళ్ళీ చెబితే, “అయ్యాక అన్నాను కదా అమ్మా!” అని విసుక్కుంది.

“చూశారా మేడమ్, వీడు బాగుపడ్డాడు, ఇప్పుడు ఇది మొదలుపెట్టింది” అన్నారు తల్లి దిగులుగా.

ఆ రోజు కేసు పుస్తకంలో, మెరుగుదల అన్న గడిలో, ఆ పిల్ల అన్న మాటను ఉన్నదున్నట్టు రాశాను.